బావగారి పట్టీలో కాయ లేదు

రుయ్‌జెన్ తన ఇంటి మేకను కోయించి ఊరందరికీ వడ్డించింది. దాని మాంసం ఎలా ఉందో ఊళ్ళో ఆమెకొక్కదానికే తెలియదు. మేక ఆమెది. జాడీలో పులిసిన బార్లీ సారా ఆమెది. పొయ్యిలో కట్టెలు కూడా ఆమె పెరటివే. ఊరంతా తెల్లరాళ్ళ మిట్ట కింద బారులు తీరి కూర్చుంటే, గిన్నె గిన్నెలోనూ ముక్కలు వేసుకుంటూ పోయింది. మూసిన కొండను తొక్కిన మనిషి నిలబడి వడ్డించాలే గానీ ముద్ద ముట్టకూడదన్నది హేషీ ఊరి కట్టుబాటు. చివరి వరసలో ఆమె మొగుడి అన్న చాంగ్‌గుయ్ గిన్నె చాపి, "అన్నీ ఎముకలే వేస్తున్నావేంటి, కాస్త మెత్తటి ముక్క చూసి వెయ్యి" అన్నాడు. వేసింది. ఆ పూట కడుపులో రాజుకున్న నిప్పు మళ్ళీ చల్లారలేదు.

ఎందుకంటే ఆమె కొండ తొక్కలేదు.

మంచు వదలగానే ఊరి పూజారి షీబీ తాత గొర్రెతోలు డప్పు వాయిస్తూ కొండను మూస్తాడు. ఇంటికొక మనిషి వచ్చి ఒట్టుగా మేక వీపు మీద చెయ్యి వేస్తారు. "మూసిన కొండను తొక్కినవాడి పట్టీ గొడ్డుపోవుగాక" అని తాత మంత్రం చదివి మేకను కోస్తాడు. ఇక బెయిమూ మొక్క పూసి, కాసి, గింజ రాలేదాకా పైకి ఒక్క కాలు పోకూడదు. గింజ రాలాక కొండ తెరుస్తారు, కొండ మీద ఇంటికొకటిగా పంచిన నేలముక్కే పట్టీ, ఎవరి పట్టీలో వాళ్ళు గడ్డలు తవ్వుకుంటారు. దగ్గుకి ఆ గడ్డను మించిన మందు లేదని పట్నంవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. పూత మీద ఉండగా పీకితే ఆ మొక్క వంశమే పోతుందని పెద్దవాళ్ళు పెట్టిన కట్టడి అది. వాళ్ళ తెలివికి వంక పెట్టడానికేమీ లేదు.

రుయ్‌జెన్ మొగుడు కొండచరియ కింద పడి పోయిన మరుసటి ఏడు, కొండ తెరిచేసరికి ఆమె పట్టీలో ఒక్క కాయ లేదు. ఎండుటాకులు, ఎండు కాడలు, అంతే. కింద గడ్డ ఉన్నా, కాయ కట్టని పట్టీ గొడ్డుపోయినట్టే లెక్క. మిగతా పట్టీల్లో గింజ రాలిన కాయలు నిండుగా ఉన్నాయి. చాంగ్‌గుయ్ రాయెక్కి నిలబడి, "గొడ్డుపోయిందంటే తొక్కినట్టే. మంత్రమే చెబుతోంది, నేను కాదు" అన్నాడు.

మంత్రం అలా చెప్పలేదు. తొక్కితే గొడ్డుపోతుందంది గానీ, గొడ్డుపోయిన ప్రతిదీ తొక్కినందుకేనని ఎక్కడా అనలేదు. శాపాన్ని తలకిందులు చేసి సాక్ష్యంగా నిలబెట్టింది చాంగ్‌గుయ్. తమ్ముడి పట్టీ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. ఎండవాలున ఉన్న పట్టీ, ఊళ్ళో అందరికంటే లావు గడ్డలు పడే నేల. పోనీ పెద్దవాళ్ళెవరైనా అడ్డుపడ్డారా అంటే, మొగుడు పోయిన ఒంటరి ఆడదాని కోసం మంత్రాన్ని తిరగేసి చూసే ఓపిక ఎవరికుంటుంది?

"నేను పోలేదు తాతా. ఆయన పోయిన దుఃఖంలో పెరట్లోకి పోవడానికే కాళ్ళు రాలేదు, కొండ మీదికి ఎక్కడ పోతాను?" అంది రుయ్‌జెన్.

"గొడ్రాలి పట్టీ గొడ్డుపోక ఏమవుతుంది తల్లీ" అని చాంగ్‌గుయ్ పెళ్ళాం, తోడికోడలు మింగ్‌ఫెన్ అంటే ఆడవాళ్ళు నోటికి తలగుడ్డ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్కింటి హోంగ్‌షియు ఇంకో అడుగు ముందుకేసి, వచ్చి గుమ్మం మీద ఉమ్మి పోయింది. పట్టీ ఇంటిపెద్దని చాంగ్‌గుయ్‌కి పోయింది. కొండ మూసే రోజున మేక మీద చెయ్యి వేసే హక్కు కూడా పోయింది.

అప్పటినుంచి రుయ్‌జెన్ బంగాళాదుంపలు, క్యాబేజీ పండించుకుని, మేకలు కాసుకుని, ముక్కు పైకి తిరిగిన జోళ్ళ మీద పూలు కుట్టి అమ్ముకుని బతికింది. నోరు మాత్రం మూసుకోలేదు. మందలో ఒక పోతుకి చాంగ్‌గుయ్ అని పేరు పెట్టింది. మింగ్‌ఫెన్ దారిన పోతున్నప్పుడల్లా, "ఒరేయ్ చాంగ్‌గుయ్, ఎవరి మేత మీద పడ్డావురా సిగ్గులేని వెధవా" అని కేకలు పెట్టేది.

"మేకకి ఆ పేరేంటే, నీకు మతి పోయిందా?" అని ఒకరోజు మింగ్‌ఫెన్ నిలేసింది.

"ఏం చేసేదక్కా, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పక్కవాళ్ళ దొడ్లోనే మేస్తోంది. ఇంకే పేరు పెట్టి పిలిచినా పలకదు."

ఊరు నవ్వింది. అయినా నవ్వినవాళ్ళెవరూ ఆమె గుమ్మం తొక్కలేదు. నవ్వు వేరు, న్యాయం వేరు. వరసకు చాంగ్‌గుయ్ ఆమెకు బావగారే, ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. మేకపోతును మాత్రం దుడ్డుకర్రతో నాలుగు బాదేది, పాపం.

కొండ హద్దురాళ్ళకు ఇవతల, వాగు పక్కన రాళ్ళలో కాసిని బెయిమూ గింజలు జారిపడి మొలిచాయి. అవి ఎవరివీ కావు. మేకలు కాస్తూ అక్కడ కూర్చునే రుయ్‌జెన్ ఏటేటా వాటిని చూసింది. ఏడాదికేడాది మంచు పెందలాడే కరుగుతోంది. నేల తడి కనబడగానే బెయిమూ తొందరపడి లేచి, పచ్చగా ఊదా గళ్ళతో గంటలాంటి పువ్వు విప్పి తల వంచుకుని నిలబడుతోంది. చుట్టం మాత్రం రాదు. బెయిమూ చుట్టం అంటే బొచ్చు తుమ్మెద, భూమిలో నిద్రపోయి లేచే నల్లటి బొద్దు తుమ్మెద. అది తన వేళకే లేస్తోంది. లేచి వచ్చేసరికి పువ్వు కమిలి రాలిపోయి ఉంటోంది. మొక్క నిలబడే ఉంటుంది గానీ కాయ కట్టదు.

రుయ్‌జెన్ పుట్టిల్లు కింద నదిలోయలో, ఆపిల్ తోటల నడుమ. అక్కడ తేనెటీగలు పోయి చాలా కాలమైంది. పూత రాగానే ఆడవాళ్ళు వెదురుపుల్లకు కోడి ఈకలు కట్టి, పుప్పొడి బుడ్డి మెడలో వేలాడేసుకుని చెట్లెక్కుతారు. పెళ్ళికాకముందు ఆమె చేసిన పనే అది. ఒక ఏడు ఊరికే ఊసుపోక వాగు పక్క పువ్వుల్లో నాలుగింటికి ఈకతో పొడి పెట్టింది. ఆ నాలుగే కాశాయి.

కాయను చేత్తో పట్టుకుని లెక్క వేసుకుంది. ఎండవాలు కాబట్టి తన పట్టీలో మంచు అందరికంటే ముందు కరిగింది, పువ్వు ముందు విచ్చింది, తుమ్మెద రాలేదు. ఎవరూ తొక్కలేదు, ఏ దోషమూ లేదు. అందుకోసం తను మేకను కోసి నిలబడి వడ్డించింది.

పరిగెత్తుకెళ్ళి ఊరికి చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? నమ్మితే అయ్యో పాపం అంటారు, నమ్మకపోతే పిచ్చిదంటారు. రుయ్‌జెన్‌కి రెండూ అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. చాంగ్‌గుయ్ చెయ్యని తప్పుకి, తన నోటితో తను చెప్పిన సాక్ష్యం మీదే, ఊరందరి ముందూ నిలబడి మాంసం వడ్డించాలి. అది తను కూర్చుని తినాలి.

అలా ఏళ్ళు గడిచాయి. ఆమె జుట్టు నెరిసింది. చాంగ్‌గుయ్ చేతికి పోయిన ఎండవాలు పట్టీ ఏటా గొడ్డుగానే ఉంటే, "మా మరదలి దోషం ఇంకా దిగలేదు" అని అతను తేలిగ్గా చేతులు దులుపుకునేవాడు. అతని సొంత పట్టీ నీడవాలున ఉంది. అక్కడ మంచు ఆలస్యంగా వదిలేది కాబట్టి కాయ పడుతూనే ఉండేది. మిగతావాళ్ళకి ఏటికేడు పలచబడుతున్నా పూర్తిగా పోలేదు.

ఆ చలికాలం మంచు పడీ పడనట్టు పడింది. కొండ మూసే రోజుకే నీడవాలు కూడా నల్లగా బయటపడింది. హద్దురాళ్ళకు ఇవతల నిలబడి చూస్తున్న రుయ్‌జెన్‌కి సంగతి అర్థమైపోయింది. ఈ ఏడు ఎవరి పట్టీలోనూ కాయ ఉండదు. సంతోషించాల్సింది పోయి ఆమెకు కంగారు పుట్టింది. అందరిదీ గొడ్డుపోతే దోషం ఎవరి మీద పెడతారు? తలా ఇంత వేసుకుని ఒక శాంతి చేయించి, మళ్ళీ కలిసి తింటారు. చాంగ్‌గుయ్ గుంపులో ఒకడై తప్పించుకుంటాడు. ఊరంతా మునిగితే వాడొక్కడు మునిగినట్టు ఎవరికి కనబడుతుంది? వాడు మునగాలంటే ఊరు తేలాలి.

అందుకని ఊరిని తేల్చడానికి బయల్దేరింది.

తెల్లారుతూనే మేకల్ని వాగు పక్క వదిలి, వెనక లోయ దారిన పైకెక్కేది. మూసిన కొండ మీద చూసే మనిషి ఎవడుంటాడు? ఊరు కొండకు తాళం వేసి చెవి ఆమె చేతిలో పెట్టినట్టే అయింది. ఒట్టు తప్పుతున్నానన్న భయం ఆమెకు లేదు. మేక మీద చెయ్యి వేయనిచ్చారా? ఒట్టే పెట్టించుకోని మనిషిని అది ఎలా పట్టుకుంటుంది? షీబీ తాత ఎదురుపడి అడిగినా ఆ మాటే అడిగేసేది.

బెయిమూకి తన పొడి తనకి పనికిరాదు, వేరే మొక్కది కావాలి. ఆ పొడి ఎక్కడినుంచి తేవాలన్నదాని మీద ఆమె రెండోసారి ఆలోచించలేదు. చాంగ్‌గుయ్ నీడవాలు పట్టీలోకి పోయి, అతని పువ్వుల పొడి దులిపి బుడ్డిలో నింపుకుంది. చాంగ్‌గుయ్ చేతిలోని రెండు పట్టీలు తప్ప, ఆ పొడిని ఊరందరి పువ్వులకూ పంచింది. మోకాళ్ళ మీద పాకుతూ, తల వంచుకున్న ఒక్కో గంటనూ వేలితో పైకెత్తి, నడిమి జిగురు కొసకి ఈక తాకించింది. అన్నింటికీ కాదు, చూసేవాళ్ళ కంటికి పట్టీ నిండుగా కనబడేటన్నింటికి. వడగళ్ళు పడితే బండ కింద దూరి, ఆగగానే మళ్ళీ మొదలుపెట్టేది. గుమ్మం మీద ఉమ్మిన హోంగ్‌షియు పట్టీ అందరికంటే పెద్దది. "నీ సంగతి తర్వాత చూస్తా, ముందు కాయి" అని దాని పువ్వులకి కూడా పెట్టింది. తోడికోడలి మాటకి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ప్రతిదాని పట్టీకీ ఆమె చాకిరీ చేసింది.

ఒక మధ్యాహ్నం చాంగ్‌గుయ్ పట్టీలోకి ఎక్కడినుంచో ఒక తుమ్మెద వచ్చింది. వేళ కాని వేళ లేచింది కాబోలు, చలికి వణుకుతూ ఒక పువ్వులోకి దూరబోయింది. రుయ్‌జెన్ తలగుడ్డ విప్పి దాని మీదికి విసిరింది. అది లేచి ఇంకో పువ్వు మీద వాలింది. మళ్ళీ తోలింది. "పో, కిందికి పో. ఊరందరి పువ్వులూ ఉన్నాయి కదే, నీకు వీడివే కావలసి వచ్చాయా?" సాయంత్రం దాకా ఆ పట్టీలో గంతులేస్తూ దాన్ని తోలుతూనే ఉంది. పొద్దుగూకేటప్పుడు అది రాతి పక్కన వెల్లకిలా పడి కాళ్ళు ముడుచుకుని ఉంది. తిండి దొరక్క చచ్చిపోయింది. దాన్ని చూస్తే ఆమెకు జాలి వేసింది. అది ఏం పాపం చేసిందని? చనిపోయిన ఆ కాస్త ప్రాణాన్ని కూడా చాంగ్‌గుయ్ ఖాతాలోనే రాసేసి కొండ దిగింది.

కొండ తెరిచిన రోజు డప్పు మోగింది. ఊరంతా పైకి పోతే, వెలిపడ్డ మనిషి కాబట్టి రుయ్‌జెన్ హద్దురాళ్ళ దగ్గరే ఆగింది. అక్కడికి అన్నీ వినబడతాయి. మొదట హోంగ్‌షియు కేక వినబడింది, కాయలు చూసుకున్న ఆనందంలో. తర్వాత ఒక్కొక్కరే. ఆ తర్వాత అందరి అడుగులూ చాంగ్‌గుయ్ పట్టీ వైపు కదిలాయి.

"నేను పోలేదు. తాతా, నా ఒంటి మీద ఒట్టు, నేను పోలేదు" అని చాంగ్‌గుయ్ గొంతు.

"మరి రెండు పట్టీలూ ఇలా ఎందుకయ్యాయి? అందరివీ కాశాయి కదయ్యా" అన్నాడు తాత.

"నాకేం తెలుసు? మంచు ముందే పోయింది, దానివల్ల..."

"మంచు నీకొక్కడికే పోయిందా?" అంది హోంగ్‌షియు. "నువ్వే కదా అప్పుడు రాయెక్కి చెప్పావు, గొడ్డుపోయిందంటే తొక్కినట్టేనని. ఎండవాలు పట్టీ ఏళ్ళ తరబడి గొడ్డుగా ఉంటే మరదలి మీద తోశావు. అదెక్కడ తొక్కింది పాపం, హద్దు దాటి వచ్చింది లేదు. ఇన్నాళ్ళూ నువ్వే తొక్కుతున్నావన్నమాట."

హద్దురాయి పట్టుకుని వింటున్న రుయ్‌జెన్‌కి ఆ 'పాపం' అన్న మాట దగ్గర నవ్వొచ్చింది. ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది దీనికి పాపం.

మూడోనాడు చాంగ్‌గుయ్ మేకను కోశాడు. ఊరంతా తెల్లరాళ్ళ మిట్ట కింద కూర్చుంది. షీబీ తాత స్వయంగా వచ్చి రుయ్‌జెన్‌ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. జాడీలోంచి సారా పీల్చే వెదురుగొట్టం మొదట ఆమె నోటికే అందించారు. చాంగ్‌గుయ్ చట్టి పట్టుకుని వరసన వడ్డించుకుంటూ వచ్చాడు. నడుం వంగింది. ముసలాడైపోయాడు, ఆమె ఎప్పుడూ గమనించనేలేదు. ఆమె గిన్నె చాపింది.

"ఎముకలొద్దు బావగారూ. నాకూ పళ్ళు పోతున్నాయి, మెత్తటి ముక్క చూసి వెయ్యండి."

వేశాడు. మింగ్‌ఫెన్ ఆ వెనక తెల్లరాతికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వడానికి కాదు. రుయ్‌జెన్ తింది. ఇంకోసారి వేయించుకుని తింది. ఇంత రుచిగల మాంసం ఆమె జన్మలో తినలేదు. అది అబద్ధం కాదు, ఎవరేమనుకున్నా సరే.

ఎండవాలు పట్టీ మళ్ళీ ఆమెకు వచ్చింది. చాంగ్‌గుయ్ నీడవాలు పట్టీని ఊరి ఉమ్మడి చేశారు. ఆ తర్వాతి చలికాలం ఇంకా అన్యాయంగా పోయింది, మంచు ముఖం చూపించి మాయమైంది. కొండ మూసే రోజున రుయ్‌జెన్‌ని ముందుకు పిలిచారు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె మేక వీపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. "మూసిన కొండను తొక్కినవాడి పట్టీ గొడ్డుపోవుగాక" అని తాత చదువుతుంటే మాత్రం ఆమెకు అరచెయ్యి చల్లబడింది. ఈసారి ఒట్టు ఆమె మీద కూడా ఉంది. పోకపోతే అందరి పట్టీలూ గొడ్డుపోతాయి. అప్పుడు దోషం మంచుదేనని, పోయిన ఏడు చాంగ్‌గుయ్ చెప్పింది నిజమేనని ఊరికి తెలిసిపోతుంది. తాత మంత్రం ముగించేలోపే ఆమె తేల్చుకుంది.

పూత విచ్చాక ఒకనాడు పొద్దున్నే పైకెక్కేసరికి నీడవాలు పట్టీ అంచున బండ మీద చాంగ్‌గుయ్ కూర్చుని ఉన్నాడు. ఆమె మెడలో బుడ్డినీ చేతిలో ఈకల పుల్లనూ చూశాడు. ఆశ్చర్యపోలేదు. చలికాలమంతా కూర్చుని ఆలోచించుకున్న మనిషి ముఖం అది.

"లోయలో మీ పుట్టింటివాళ్ళు ఆపిల్ చెట్లెక్కుతారని మర్చేపోయాను" అన్నాడు.

"పోయి చెప్పండి. మీ మాట ఎవరు వింటారో చూద్దాం."

"వినరు." కర్ర నేలకు ఆనించుకున్నాడు. "పోయిన ఏడు నేను కొండ తొక్కలేదు. నీకు తెలుసు కదా?"

"తెలుసు. అప్పుడు నేను తొక్కలేదని మీకూ తెలుసు కదా?"

చాంగ్‌గుయ్ కిందికి, ఊరికేసి చూశాడు. "తెలుసు" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం ఆమె తన వయసంతా ఖర్చుపెట్టింది. ఆ మాట ఇప్పుడు వచ్చింది. వినడానికి ఇద్దరు తప్ప మనిషి లేని చోట, మూసిన కొండ మీద.

"అదే మాట కిందికొచ్చి అందరి ముందూ అనండి" అంది.

"అంటాను. నువ్వూ అంటావా?"

తనూ అంటే ఈ ఈక సంగతి చెప్పాలి, తిన్న మాంసం సంగతి చెప్పాలి, మొన్న మేక మీద వేసిన చెయ్యి సంగతి చెప్పాలి. ఎండవాలులో తన పువ్వుల పొడితో నింపుకొచ్చిన బుడ్డి మూత తీసి, వంగి నీడవాలు పట్టీలో మొదటి పువ్వు తల పైకెత్తింది. చాంగ్‌గుయ్ లేచి నిలబడ్డాడు.

"ఇది నా పట్టీ. పోయిన ఏడు దీన్ని ఎండగట్టి, ఇప్పుడు దీనికి కూడా కాయిస్తావా?"

"కాయకపోతే ఎలా బావగారూ" అంది రుయ్‌జెన్ తల ఎత్తకుండా. "మీ చేతిలోంచి పోగానే కాసిందంటేనే కదా, దోషం మీదని ఊరు నమ్మేది."

అతను కర్ర ఊతంతో లోయదారి పట్టి దిగిపోయాడు. ఆమె రెండో పువ్వు దగ్గరికి జరిగింది, తర్వాత మూడోదాని దగ్గరికి. ముందు పట్టీ పొడుగునా పువ్వులు తలలు వంచుకుని ఉన్నాయి, గాలిలో ఒక్క తుమ్మెద చప్పుడు లేదు. ఆ ముసలాడు బతికున్నన్నాళ్ళూ ఏటేటా ఇలా పైకెక్కి, ఊరందరి పువ్వులకూ తనే తుమ్మెదై తిరగాలని ఆమెకు అప్పుడు తెలిసింది.